పాత గన్‌డమ్ కిట్ కట్టడం, రంగు వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ యానిమేషన్‌లోని గన్‌డమ్ అనే భారీ రోబోకు బందాయ్ కంపెనీ 1980లో తెచ్చిన 1/144 (అసలు ఎత్తులో 144వ వంతు) ప్లాస్టిక్ మోడల్ కిట్‌ను చేతిలోకి తీసుకున్న ప్రతి ఒక్కరికీ దాదాపు ఒకే వరుసలో అవే సందేహాలు వస్తాయి. వాటికి ఒకచోట జవాబులు ఉంటే మేలని ఈ పేజీ రాశాను. కొత్త కిట్లతో అలవాటు పడినవారిని ఇందులో ఇబ్బంది పెట్టేది కష్టమైన పని ఏదీ కాదు. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరుసే. ఎవరికి కావలసిన ప్రశ్న వారు నేరుగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

పాత గన్‌డమ్ కిట్ అని అందరూ అనేది దేన్ని?

‘మొబైల్ సూట్ గన్‌డమ్’ టీవీ ధారావాహిక జపాన్‌లో 1979 ఏప్రిల్ నుంచి 1980 జనవరి వరకు ప్రసారమైంది. 52 భాగాలు అనుకున్నది 43 భాగాలకే ముగిసింది. అది ఆగిపోయిన తర్వాత, 1980 జులైలో, బందాయ్ మొదటి ప్లాస్టిక్ కిట్‌ను 300 యెన్‌లకు విడుదల చేసింది. కథానాయకుడి యంత్రం ఆర్‌ఎక్స్-78-2, కొలత 1/144. కథలో ఆ యంత్రం ఎత్తు 18 మీటర్లు కాబట్టి కిట్ పన్నెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. అరచేతిలో పట్టే ఈ బొమ్మతోనే గన్‌ప్లా (గన్‌డమ్ ప్లాస్టిక్ మోడళ్లు) అనే వ్యాపారమంతా మొదలైంది. దాని వెనకే వచ్చిన జాకూ, గూఫ్, డోమ్ (కథలోని శత్రు యంత్రాలు) వంటి 1980ల తొలినాటి కిట్లకు కూడా ఇక్కడి జవాబులు చాలావరకు వర్తిస్తాయి.

ఇంత మంచి కొత్త కిట్లు ఉండగా ఈ పాతదానితో కుస్తీ ఎందుకు?

మోకాలు పూర్తిగా మడవాలి, రంగు వేయకుండానే రంగులు ఉండాలి అనుకుంటే దీని జోలికి వెళ్లకండి. 1990లో హై గ్రేడ్ వరుస వచ్చినప్పటి నుంచి జిగురు లేకుండా నొక్కితే బిగిసే భాగాలు, రంగురంగుల ప్లాస్టిక్ మామూలైపోయాయి. 2020లో వచ్చిన ఎంట్రీ గ్రేడ్ గన్‌డమ్‌కైతే కట్టర్ కూడా అక్కర్లేదు. ఆ సౌకర్యాలేవీ పాత కిట్‌లో లేవు. ప్లాస్టిక్ మొత్తం ఒకే తెలుపు, కదలిక అంతంత మాత్రం, అతుకులన్నీ బయటికే కనిపిస్తాయి. అందువల్లే జిగురు వాడకం, సాపు చేయడం, రంగు వేయడం అన్నీ దీనిమీద నేర్చుకోవచ్చు. చెడినా పోయేది తక్కువ డబ్బే. పైగా ఈ యంత్రాల రూపకర్త కునియో ఓకవారా గీసిన ఆ తొలి రూపాన్ని తర్వాతి కిట్లు సన్నబరిచి, కాళ్లు సాగదీశాయి. ఈ గుండ్రటి భుజాలు, మొద్దు కాళ్లే నాకు ఎక్కువ నచ్చుతాయి.

ఒకే బొమ్మ ఉన్న పెట్టెలు రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి?

పాత పెట్టె బొమ్మనే వాడుకుంటూ ‘రివైవల్ వెర్షన్’ పేరుతో బందాయ్ ఒక కొత్త కిట్ తెచ్చింది. చూపుకు పాతదానిలాగే ఉంటుంది, లోపలి భాగాలు మాత్రం రంగులతో, జిగురు అవసరం లేకుండా వస్తాయి. కొనేటప్పుడు పేరులో ‘రివైవల్’ ఉందో లేదో చూడండి. జిగురు పని నేర్చుకోవడానికైతే పాత అచ్చుదే తీసుకోవాలి.

సెకండ్‌హ్యాండ్‌లో 1980ల నాటి పెట్టె ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. కొనమంటారా?

కట్టడానికైతే వద్దు. బందాయ్ ఆ అచ్చులనే ఇన్నేళ్లుగా మళ్లీ మళ్లీ వాడి కిట్లు పోస్తోంది, కాబట్టి కొత్త ముద్రణలోనూ అదే భాగం, అదే ఆకారం వస్తుంది. పాత పెట్టెకు అడిగే అదనపు ధర అట్ట పెట్టెకూ జ్ఞాపకానికీ తప్ప ప్లాస్టిక్‌కు కాదు. పైగా ఆ పెట్టెల్లో వచ్చిన జిగురు పొట్లం ఈపాటికి ఎండిపోయి ఉంటుంది. జపాన్ నుంచి తెప్పించుకుంటే కిట్ ధర కన్నా రవాణా, కస్టమ్స్ సుంకం ఎక్కువయ్యే అవకాశం ఉంది. ఒకేసారి నాలుగైదు కిట్లు కలిపి తెప్పించుకోవడమే లాభం.

కనీసం ఏ పనిముట్లు ఉండాలి?

పదునైన చిన్న కట్టర్, బ్లేడు మార్చుకునే కత్తి, ప్లాస్టిక్ సిమెంట్, సన్నటి ఆకురాయి, 400 నుంచి 1000 నంబరు వరకు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), మాస్కింగ్ టేపు, బట్టల క్లిప్పులు. వాటర్ పేపర్ కోసం హాబీ దుకాణం వెతకనక్కర్లేదు, కార్లకు రంగులు వేసేవారికి సరుకు అమ్మే దుకాణంలో దొరుకుతుంది. రంగు వేసేటప్పుడు భాగాలను పట్టుకోవడానికి కొబ్బరి చీపురు పుల్లలు చాలు. ఖర్చు పెట్టదలచుకుంటే కట్టర్ మీద పెట్టండి.

## పెట్టె తెరిచాక

సూచనల కాగితం మొత్తం జపనీస్‌లో ఉంది. ఎలా?

బొమ్మలు చూసి కట్టేయవచ్చు. భాగాల నంబర్లు మామూలు అంకెల్లోనే ఉంటాయి. చదవవలసింది రంగుల పట్టిక ఒక్కటే, దానికి ఫోనులో కెమెరాతో అనువాదం చేసే యాప్ సరిపోతుంది. అయితే కాగితం చూపించే వరుస జిగురు పెట్టడానికి మాత్రమే, రంగు వేసేవారిని దృష్టిలో పెట్టుకున్నది కాదు. దాన్ని గుడ్డిగా అనుసరిస్తే కొన్ని భాగాలు రంగు పడకుండానే లోపల మూసుకుపోతాయి. మొదలుపెట్టకముందే ఒకసారి చివరిదాకా చదివి, ఏ భాగం దేని లోపలికి పోతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

భాగాలను కడగాలా?

కడగండి. అచ్చు నుంచి ప్లాస్టిక్ తేలికగా ఊడి రావడానికి వాడే నూనె పొర కొంత మిగిలి ఉండవచ్చు. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు కడిగే ద్రవం రెండు చుక్కలు, పాత టూత్‌బ్రష్ ఉంటే పని అయిపోతుంది. మరిగే నీళ్లు వద్దు, కిట్ ప్లాస్టిక్ (పాలిస్టైరీన్) వంగిపోతుంది. భాగాలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి వాటిని కోయకముందే కడిగితే చిన్నవి సింకులోకి జారిపోవు.

కోసిన చోట తెల్లటి మచ్చ పడుతోంది. ఎందుకు?

ప్లాస్టిక్‌ను కట్టర్ నలిపినప్పుడు వచ్చే ఒత్తిడి గుర్తు అది. ఒకే కోతలో భాగానికి ఆనించి కోయకండి. ముందు దూరంగా కోసి భాగాన్ని చట్రం నుంచి విడదీయండి, మిగిలిన మొనను రెండోసారి కోయండి, చివరి పొరను కత్తితోనో వాటర్ పేపర్‌తోనో తీసేయండి.

## అతకడం

ఫెవిక్విక్‌తో అతికిస్తే సరిపోదా? ఫెవికాల్?

ఫెవికాల్ ఈ ప్లాస్టిక్‌ను పట్టుకోదు. ఫెవిక్విక్ పట్టుకుంటుంది, కానీ రెండు భాగాల మధ్య గట్టి పొరగా నిలబడుతుందే తప్ప వాటిని ఒకటి చేయదు. కింద పడితే అక్కడే విడిపోతుంది, చుట్టూ తెల్లటి పొగ మచ్చ కూడా వదులుతుంది. ప్లాస్టిక్ సిమెంట్ పని వేరు. అందులోని ద్రావకం రెండు అంచులనూ కరిగిస్తుంది, ఆవిరి కాగానే రెండూ ఒకే ముక్కగా గట్టిపడతాయి. ఈ కిట్‌లో అతుకు గీత మాయం కావాలంటే అదే మార్గం. చిక్కటి సిమెంట్‌ను అతకడానికి ముందు అంచులకు పూయాలి, పలచటిదాన్ని భాగాలు కలిపి పట్టుకున్నాక సందులోకి పాకనివ్వాలి. రెండిటికీ కిటికీ తెరిచి ఉండాలి.

ముందు అతకాలా, ముందు రంగు వేయాలా?

అన్నిటికన్నా ఎక్కువగా ఈ ప్రశ్నే వస్తుంది, పాత కిట్ కిటుకంతా ఇందులోనే ఉంది.

కొత్త కిట్‌లో ప్రతి రంగూ వేరే ముక్క, కాబట్టి విడివిడిగా రంగు వేసి చివర్లో నొక్కేస్తాం. ఇందులో చేయి, కాలు రెండేసి చిప్పలుగా వస్తాయి. చిక్కుడుకాయ రెండు చెక్కల మధ్య గింజ ఉన్నట్టు, కీలు భాగం ఆ చిప్పల మధ్య ఇరుక్కుంటుంది. ముందు రంగు వేసి తర్వాత అతికితే, చిప్పల అతుకు గీసి సాపు చేసేటప్పుడు ఆ రంగంతా పోతుంది. ముందే అతికేస్తే లోపలి కీలుకు రంగు వేయడానికి కుంచె దూరదు.

దీనికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది, లోపలి భాగానికి రంగు వేసి, బాగా ఆరాక టేపుతో చుట్టి, చిప్పల మధ్య పెట్టి అతికి, ఆ తర్వాత బయట సాపు చేసి రంగు వేయడం. నెమ్మదిగా సాగుతుంది కానీ ప్రమాదం లేదు. రెండోది, అన్నీ అతికేసి సన్న కుంచెతో లోపలి భాగాన్ని కనిపించినంత మేర దిద్దడం. రెండు రంగులూ దగ్గరివైతే ఇది చాలు. మూడోది జపాన్ మోడలర్లు అతో-హమే అనే పద్ధతి: కీలు భాగాన్ని పట్టుకునే రంధ్రాన్ని ఒకవైపు కోసి సందుగా మార్చడం. అప్పుడు చిప్పలు ముందే అతికి, సాపు చేసి, రంగు వేసుకుని, కీలును చివర్లో నొక్కి చొప్పించవచ్చు. చూడ్డానికి తెలివైన పద్ధతే. కానీ కోత కొంచెం ఎక్కువైతే కీలు వదులైపోతుంది. మొదటి కిట్‌కు మొదటి దారే పట్టండి.

కీళ్లు వదులుగా ఉన్నాయి. నిలబెడితే వంగిపోతోంది.

తర్వాతి కిట్లలో కీళ్ల దగ్గర మెత్తటి పాలీక్యాప్‌లు ఉంటాయి. ఇందులో గట్టి ప్లాస్టిక్ మీద గట్టి ప్లాస్టిక్ రాసుకుంటుంది, కాబట్టి ఆడించేకొద్దీ అరిగి వదులవుతుంది. కీలు మొలకు నీటి ఆధారిత క్లియర్ (రంగులేని పూత) పలచగా పూసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ పెట్టండి. చాలకపోతే ఇంకో పొర. పొర తడిగా ఉండగా పెడితే కీలు శాశ్వతంగా అతుక్కుంటుంది. దీన్ని ఒక భంగిమలో నిలబెట్టి వదిలేయాలన్నది నా అభిప్రాయం. కొందరు నచ్చిన భంగిమలో కీళ్లనే సిమెంట్‌తో అతికేస్తారు, అందులో తప్పేమీ లేదు.

అతుకు గీత ఎంత గీసినా మళ్లీ కనిపిస్తోంది. ఏం చేయాలి?

తొందరపడి ఉంటారు. సిమెంట్ పెట్టి నొక్కినప్పుడు కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా బయటికి ఉబకాలి. అది పైకి గట్టిగా అనిపించినా లోపల ద్రావకం ఇంకా ఉంటుంది. మర్నాడే గీసేస్తే సమంగానే కనిపిస్తుంది. తర్వాత ద్రావకం ఆవిరైపోయేకొద్దీ ఆ చోటు కుంగి, రంగు వేశాక గీత మళ్లీ తేలుతుంది. కనీసం రెండు మూడు రోజులు, కుదిరితే వారం ఆగండి. ఆ తర్వాత ఆకురాయితో గట్టు దించి, 400, 600, 800 నంబరు వాటర్ పేపర్‌లను తడిపి వరుసగా రుద్దండి. పేపర్‌ను చిన్న చెక్క ముక్కకు చుడితే అంచులు గుండ్రం కావు. బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) ఒక పొర కొడితే మిగిలిన గీత బయటపడుతుంది.

అంచుల మధ్య సందు పెద్దగా ఉంది. పుట్టీ ఏది వాడాలి?

వెంట్రుక మందం సందుకు కిట్ ప్లాస్టిక్కే మంచి పుట్టీ. మిగిలిన చట్రం ముక్కలను చిన్నగా తరిగి, పలచటి సిమెంట్ ఉన్న సీసాలో వేసి ఒక రాత్రి ఉంచితే తెల్లటి పేస్టు తయారవుతుంది. భాగం రంగే దానికీ ఉంటుంది, గట్టిదనమూ అంతే. లోతైన గుంటకు మాత్రం అది వద్దు, ఆరేసరికి కుంగిపోతుంది. అలాంటి చోట రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పుట్టీ వాడాలి. నీళ్ల పైపులకు వాడే ఎం-సీల్ కూడా ఎపాక్సీయే, చిన్న పనులకు సరిపోతుంది. కాకపోతే ప్లాస్టిక్ కన్నా గట్టిగా ఉంటుంది కాబట్టి రుద్దేటప్పుడు పక్క ప్లాస్టిక్ ముందే అరిగిపోకుండా చూసుకోండి.

## రంగు

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేకుండా బాగా వస్తుందా?

వస్తుంది. కిట్ తెల్లగానే ఉంది కాబట్టి అసలు కష్టమైన తెలుపును కుంచెతో వేయనక్కర్లేదు. తెల్ల భాగాలను సాపు చేసి అలాగే వదిలి, నీలం, ఎరుపు, పసుపు, బూడిద రంగులను కుంచెతో వేసి, అన్నిటిమీదా మ్యాట్ (మెరుపులేని) క్లియర్ కొడితే ప్లాస్టిక్ మెరుపు పోయి రంగు వేసినట్టే కనిపిస్తుంది. కుంచె పనిలో సూత్రం ఒకటే: పలచగా రెండు మూడు పొరలు, మొదటిది పూర్తిగా ఆరాక రెండోది అడ్డదిశలో. మొదటి పొర గీతలుగా, అసహ్యంగానే ఉంటుంది. దాన్ని అక్కడికక్కడే దిద్దబోతే ఇంకా పాడవుతుంది.

లాకర్, యాక్రిలిక్, ఎనామెల్: ఏది కొనాలి?

ఇంట్లో, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో, కుంచెతో వేసేవారికి నీటి ఆధారిత యాక్రిలిక్. వాసన తక్కువ, కుంచె నీళ్లతో కడుక్కోవచ్చు. లాకర్ త్వరగా ఆరి, గట్టిగా పట్టుకుంటుంది. ఎయిర్‌బ్రష్‌కు అదే మేలు, కానీ సేంద్రియ ఆవిర్లను ఆపే మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి. బట్ట మాస్కు ఆ ఆవిరిని ఆపదు. ఎనామెల్ నెమ్మదిగా ఆరుతుంది, చిన్న దిద్దుబాట్లకు పనికొస్తుంది. ఒకదానిమీద ఒకటి వేసేటప్పుడు లాకర్ అడుగున, మిగతావి పైన ఉండాలి. ఎనామెల్ మీద లాకర్ పడితే అడుగు పొర ముడతలు పడుతుంది. విమానంలో మండే ద్రవాలు పంపడానికి ఆంక్షలు ఉన్నాయి కాబట్టి రంగులను దేశంలోని దుకాణాల నుంచే తీసుకోండి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే థిన్నర్‌ను పనిముట్లు కడగడానికే ఉంచండి, అది పాలిస్టైరీన్‌ను తినేస్తుంది.

అసలు రంగులు ఏవి? పెట్టె మీద ఒకలా, ఇంటర్నెట్‌లో ఒకలా ఉన్నాయి.

స్థూలంగా: ఛాతీ నీలం, దాని మీది గాలి కిటికీలు పసుపు, పొట్ట భాగం ఎరుపు, పాదాలు ఎరుపు, నుదుటి కొమ్ము పసుపు, గడ్డం ఎరుపు, డాలు ఎరుపు మీద పసుపు గుర్తు, తుపాకీ ముదురు బూడిద, మిగిలినదంతా తెలుపు. ఖచ్చితమైన ఛాయ ఇదీ అని వాదించేవారిని వదిలేయండి. 1979 నాటి యానిమేషన్ సెల్ (పారదర్శక షీటు) బొమ్మల్లోని రంగు వేరు, పెట్టె మీది చిత్రంలో రంగు వేరు. సీసాలోంచి నేరుగా తీసిన ముదురు రంగులు ఇంత చిన్న బొమ్మ మీద బరువుగా కనిపిస్తాయి, ప్రతిదానిలో కొంచెం తెలుపు కలపండి. తెలుపులో మాత్రం ఒక చుక్క బూడిద రంగు కలిపితే మలిచిన గీతలు కంటికి ఆనతాయి.

పసుపు ఎన్ని పొరలు వేసినా కింది రంగు కనిపిస్తోంది.

పసుపుకు కప్పే గుణం సహజంగానే తక్కువ. బూడిద ప్రైమర్ మీద నేరుగా వేస్తే ఆకుపచ్చగా, మురికిగా తేలుతుంది. ముందు తెలుపు గానీ లేత గులాబీ గానీ వేసి ఆరనివ్వండి, అప్పుడు రెండు పొరల్లో వెచ్చటి పసుపు వస్తుంది. ఎరుపుకూ లేత గులాబీ అడుగు బాగా పనిచేస్తుంది. ఒకే భాగం మీద అనేక రంగులుంటే లేతవి ముందు, ముదురువి తర్వాత.

టేపు తీస్తే కిందకు రంగు పాకింది.

టేపు అంచును టూత్‌పిక్‌తో మూలల్లో గట్టిగా నొక్కండి. ఆ తర్వాత టేపు అంచు మీద మొదట కింది రంగునే, లేదా క్లియర్‌ను, పలచగా వేయండి. పాకేది ఏదైనా ఉంటే అదే పాకి సందు మూసేస్తుంది. దాని మీద కొత్త రంగు వేస్తే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. రంగు పూర్తిగా గట్టిపడకముందే టేపును వెనక్కి మడుస్తూ నెమ్మదిగా తీయండి.

స్ప్రే చేసిన రంగు తెల్లబారింది. డబ్బా చెడిపోయిందా?

డబ్బా కాదు, గాలి కారణం. ద్రావకం వేగంగా ఆవిరైనప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి పొర తెల్లబారుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఏడాదిలో చాలా నెలలు, మిగతా చోట్ల వానాకాలంలో ఈ బెడద ఉంటుంది. ముసురు పట్టిన రోజున స్ప్రే పెట్టుకోవద్దు. ఎయిర్‌బ్రష్‌లోనైతే ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కొంచెం కలపవచ్చు. తెల్లబారిన మెరుపు పొర మీద, ఎండ కాసిన రోజున, అదే క్లియర్‌ను పలచగా మళ్లీ కొడితే చాలాసార్లు సరైపోతుంది. నడివేసవిలో దీనికి ఎదురు సమస్య వస్తుంది: రంగు గాల్లోనే ఆరిపోయి, భాగం మీద గరుకు పొడిలా పడుతుంది. అప్పుడు తెల్లవారుజామున పని చేసుకోవాలి, దూరం తగ్గించి కొట్టాలి.

కళ్లు ఎలా వేయాలి? చేయి వణుకుతోంది.

కళ్ల గుంట మొత్తం ముందు నలుపు వేసి ఆరనివ్వండి. ఆ తర్వాత పసుపును లోపల మాత్రమే, అంచున నల్ల గీత మిగిలేలా పెట్టండి. యాక్రిలిక్ మీద ఎనామెల్‌తో వేస్తే గీత దాటినప్పుడు ఎనామెల్ థిన్నర్‌లో ముంచిన కాటన్‌బడ్‌తో, అడుగు రంగు చెడకుండా, తుడిచేయవచ్చు. వణుకు పోవాలంటే రెండు మణికట్లూ బల్లకు ఆనించి, చేతులు ఒకదానికొకటి తగిలేలా పట్టుకోండి.

వేసిన రంగు నచ్చలేదు. భాగాన్ని మొదటికి తేగలమా?

యాక్రిలిక్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని గంటలు నానబెట్టి టూత్‌బ్రష్‌తో రుద్దితే ఊడి వస్తుంది, పాలిస్టైరీన్‌కు హాని ఉండదు. అసిటోన్, గోళ్ల రంగు తీసే ద్రవం మాత్రం తాకించకండి, భాగమే కరిగిపోతుంది.

## చివరి మెరుగులు

మలిచిన గీతల్లో పలచటి ఎనామెల్ నలుపు నింపాక భాగం పగిలింది. కారణం?

ఎనామెల్ థిన్నర్ బిగువులో ఉన్న ప్లాస్టిక్‌లోకి దిగి పగుళ్లు తెస్తుంది. కీళ్లు, గట్టిగా నొక్కి పెట్టిన మొలలు ముందుగా విరుగుతాయి. పచ్చి ప్లాస్టిక్ మీద నేరుగా నింపకండి. రంగు గానీ మెరిసే క్లియర్ గానీ ముందు పొరగా ఉండాలి, భాగాలు విడివిడిగా ఉండాలి, ద్రవం మడుగు కట్టకూడదు. తెలుపు మీద నలుపుకు బదులు బూడిద వాడితే బొమ్మ గళ్ల కాగితంలా కనిపించదు. ఈ కిట్‌లో గీతలు ఎలాగూ తక్కువ. లేనివి కొత్తగా చెక్కే సరదా ఉంటే రెండో కిట్ మీద తీర్చుకోండి.

మట్టి, తుప్పు, గీతలు వేయాలా, శుభ్రంగా వదలాలా?

రెండూ పాత అలవాట్లే. 1980ల తొలి ఏళ్లలోనే జపాన్ మోడలర్లు ఈ బొమ్మలకు యుద్ధ ట్యాంకులకు వేసినట్టే మట్టి, మసి వేసేవారు. గన్‌డమ్‌ను శుభ్రంగా, శత్రువు జాకూను మురికిగా చేసి పక్కపక్కన పెడితే బాగుంటుంది. వేయదలచుకుంటే పాదాల దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ.

మ్యాట్ క్లియర్ ఎప్పుడు, ఎంత?

అన్నీ ఆరిన తర్వాత, స్టిక్కర్లూ డెకాల్‌లూ అంటించాక, చివరి పొరగా. పొడి వాతావరణంలో, 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి, రెండు మూడు పలచటి విసురులు. ఒకేసారి తడిసేలా కొడితే తెల్లటి మసక మిగులుతుంది, ముదురు నీలం మీద అది దాగదు. భాగాలను విడదీసి కొడితే కీళ్లు అంటుకోవు.

పూర్తయ్యాక తెల్ల భాగాలు పసుపు రంగుకు తిరుగుతాయా?

రంగు వేయకుండా వదిలిన ప్లాస్టిక్ నేరుగా ఎండ తగిలితే ఏళ్ల తరబడి మెల్లగా పసుపెక్కుతుంది. అతినీలలోహిత కిరణాలను తగ్గించే క్లియర్ పూత కొంత ఆలస్యం చేస్తుంది, కిటికీకి దూరంగా గాజు తలుపుల బీరువాలో పెట్టడం ఇంకా మేలు. దుమ్మును బట్టతో తుడిస్తే మ్యాట్ పొర మెరుపెక్కుతుంది. మెత్తటి మేకప్ కుంచెతో దులపండి.

పిల్లలతో కలిసి చేయవచ్చా?

అతకడం వరకు పదేళ్లు దాటిన పిల్లలు పెద్దల పక్కన కూర్చుని చేయగలరు. కత్తి, లాకర్ రంగులు, స్ప్రే పెద్దల చేతిలోనే ఉండాలి. వారికి భాగాలు కడిగే పని, వాటర్ పేపర్‌తో రుద్దే పని, పాదాలకు కుంచెతో ఎరుపు వేసే పని ఇవ్వండి. పాదాలు పెద్దవి, చదునుగా ఉంటాయి, గీత దాటినా సులువుగా దిద్దుకోవచ్చు.